నీటి మీద గీసిన గీత
వర్ణవివక్ష కాలంలో డర్బన్ సముద్రతీరం, ప్రవాసాంధ్రులు, మన చెరువులు

మనిషిని మనిషి నుంచి వేరుచేయడానికి సమాజాలు అనేక స్థలాలను ఎంచుకొన్నాయి. బడి, గుడి, బండి, భోజనశాల, నివసించే వాడ – వీటన్నిటిలోనూ గీతలు గీయబడ్డాయి. అయితే ఆ గీతలన్నిటిలో నీటివద్ద గీసిన గీత విలక్షణమైనది. బడిలో బల్లలను విడదీయవచ్చు, రైలులో పెట్టెలను విడదీయవచ్చు. నీటిని విడదీయడం సాధ్యం కాదు. ఒకరి శరీరాన్ని తాకిన నీరే వేరొకరి శరీరాన్నీ తాకుతుంది. ఈ కారణం చేతనే, వేర్పాటును పాటించిన సమాజాలు చెరువు గట్టునా, ఈత కొలను వద్దా, సముద్రపు ఒడ్డునా అత్యంత కఠినంగా ప్రవర్తించాయి. తెలుగులో 'నీటిమీది రాత' అంటే నిలవనిదని అర్థం. చరిత్రలో మాత్రం నీటిమీద గీసిన గీతలు తరాల తరబడి నిలిచాయి.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ గీతను ప్రత్యక్షంగా అనుభవించినవారిలో నల్లజాతి ఈతగాళ్ళు ముఖ్యులు. అమెరికా సంయుక్త రాష్ట్రాల నల్లవారి కథ కొంతవరకు ప్రపంచానికి విదితమే. దక్షిణాఫ్రికాలోని డర్బన్ తీరపు కథలో తెలుగువారు కూడా పాత్రధారులన్న సంగతి మాత్రం మన పాఠకులకు అంతగా పరిచితం కాదు. 1970ల నుంచి వర్ణవివక్షా వ్యతిరేకోద్యమ పరిభాషలో 'నల్లవారు' అన్న మాట ఆఫ్రికన్లను, 'కలర్డ్' వర్గంవారిని, భారతీయులను కలిపి సూచించేది. ఆ అర్థంలో నేటాలు తెలుగువారు కూడా నల్లజాతి ఈతగాళ్ళే. వారి అనుభవాన్ని పరిశీలించి, దాని వెలుగులో మన చెరువుల చరిత్రను ఒకమారు చూసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రం దాటి వచ్చినవారు

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరిన ఒప్పంద కూలీలతో డర్బన్ రేవు చేరింది. చెరకు తోటలలో పనిచేయడానికి అప్పటి నుంచి 1911 వరకు నేటాలుకు తరలివచ్చిన భారతీయ కూలీల సంఖ్య 1,52,184. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవు మీదుగా వచ్చినవారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు తదితర జిల్లాల తెలుగువారు వారిలో గణనీయంగా ఉన్నారు. ఈ ప్రవాసాంధ్రులు తమ భాషను, పండుగలను, భజనలను కాపాడుకొనేందుకు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నారు.

ఒప్పంద కాలం ముగిసిన తరువాత అందరూ తోటలలోనే ఉండిపోలేదు. కొందరు కాయగూరలు పండించారు, కొందరు రైల్వేలో చేరారు, మరికొందరు సముద్రాన్ని ఆశ్రయించారు. డర్బన్ అఖాతంలోని సాలిస్‌బరీ ద్వీపంలోనూ, చుట్టుపక్కల తీరంలోనూ భారతీయ మత్స్యకారుల పల్లెలు వెలిశాయి. తమిళులు, తెలుగువారు కలిసి ఒడ్డు నుంచి పెద్ద వలలు లాగి చేపలు పట్టి నగరానికి అందించారు. అలల తీరు, గాలి వాలు, ఏరు సముద్రంలో కలిసేచోట ఉండే సుడులు వారికి పుట్టుకతో వచ్చిన విద్య. పడవ నడపడం, వల వేయడం, ఈత కొట్టడం వారికి వినోదాలు కావు, జీవనాధారాలు.

ఆ విద్య ఎంతటిదో 1917లో నగరమంతటికీ తెలిసివచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరు 28వ తేదీన ఉమ్గేని నదికి మహా వరద వచ్చింది. నది ఒడ్డున లోతట్టు భూములలో, రేకుల ఇళ్ళలో నివసిస్తున్న భారతీయ కుటుంబాలు నీటిపాలయ్యాయి. వందలాదిమంది మరణించారు. ఆ విపత్సమయంలో ఆరుగురు భారతీయ మత్స్యకారులు తమ పడవను వరదలోకి దించి, చెట్లకొమ్మలనూ ఇళ్ళకప్పులనూ పట్టుకొని వేలాడుతున్న సుమారు 176 మందిని ఒడ్డుకు చేర్చారు. 'పడవటన్ ఆరుగురు' అన్న పేరుతో నేటికీ డర్బన్ భారతీయులు వారిని స్మరిస్తున్నారు. వారిలో ఇద్దరి పేర్ల చివర 'నాయుడు' అని ఉన్నది. నేటాలులో ఆ పేరు తెలుగు ఇళ్ళలోనూ, తమిళం మాట్లాడే ఇళ్ళలోనూ వినిపిస్తుంది గనుక దాన్నిబట్టి ఇంటిభాష నిర్ణయించడం తగదు. వారి బృందం మాత్రం మద్రాసు రాజధాని నుంచి వలస వచ్చిన సమాజానికి చెందినది.

నీటితో ఇంతటి పరిచయం ఉన్న ప్రజలను తరువాతి దశాబ్దాలలో ప్రభుత్వం సముద్రంలో స్నానానికి సైతం అనర్హులుగా నిర్ణయించింది. డర్బన్ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం ఇదే.

చట్టం సముద్రంలోకి దిగిన విధం

1948లో అధికారానికి వచ్చిన నేషనల్ పార్టీకి పూర్వమే డర్బన్‌లో ఆచారరూపంలో వేర్పాటు ఉన్నది. దానికి జాతీయస్థాయిలో సంపూర్ణమైన చట్టరూపం ఇచ్చినది 1953 నాటి ప్రత్యేక సౌకర్యాల కేటాయింపు చట్టం. ఈ చట్టం పుట్టిన సందర్భం పాలనావ్యవహారాలతో పరిచయం ఉన్నవారు తప్పక గమనించదగినది. లూసూ అనే ఆఫ్రికన్ పౌరుడు కేప్‌టౌన్ రైల్వేస్టేషనులో శ్వేతజాతీయుల విశ్రాంతిగదిలోకి ప్రవేశించాడు. అతనిపై పెట్టిన కేసులో, నల్లవారికిచ్చిన గది తెల్లవారి గదితో సమానంగా లేదు కనుక అతడు నేరస్థుడు కాడని అత్యున్నత అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన సంవత్సరమే ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చి, వేర్వేరు వర్గాలకు కేటాయించే సౌకర్యాలు సమానంగా ఉండనవసరం లేదని స్పష్టంగా రాసింది. అసమానత అమలులో దొర్లిన లోపం కాదు. చట్టమే అనుమతించిన నియమం.

1960లో ఈ చట్టాన్ని సవరించి సముద్రతీరానికీ, సముద్రానికీ కూడా వర్తింపజేశారు. అంటే ఒక శాసనసభ కూర్చుని అలలను సైతం జాతులవారీగా పంచింది! డర్బన్ నగర నడిబొడ్డున, హోటళ్ళ ఎదుట ఉన్న విశాలమైన ఇసుకతీరం శ్వేతజాతీయులది. భారతీయులకు, ఆఫ్రికన్లకు, కలర్డ్ వర్గానికి కేటాయించినవి అంచులలోని భాగాలు. 1940ల నుంచి సొరచేపల దాడులు ఎక్కువ కావడంతో 1952లో డర్బన్ తీరంలో రక్షణ వలలు ఏర్పాటుచేశారు. అట్టి రక్షణ, కాపలా ఈతగాళ్ళు, స్నానపు గదులు మొదలైన సౌకర్యాలన్నిటా శ్వేతజాతీయుల తీరానిదే అగ్రస్థానం.

1989 నాటి ఒక ఛాయాచిత్రంలో డర్బన్ తీరపు బోర్డు కనిపిస్తుంది. డర్బన్ తీర నియమావళి 37వ సెక్షను ప్రకారం ఈ స్నానప్రదేశం శ్వేతజాతి సభ్యులకు మాత్రమే కేటాయించబడినదని దాని సారాంశం. అది ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జులూ భాషలలో రాయబడింది. ఆ బోర్డులో ద్వేషభాష ఏదీ లేదు. సెక్షను నెంబరు ఉన్నది, నియమావళి పేరు ఉన్నది. ఇది వీధిలోని గుంపు చేసిన పని కాదు, కార్యాలయం చేసిన పని. నియమావళి ముసాయిదా ఒకరు రాశారు, తీరాన్ని మరొకరు కొలిచారు, బోర్డుల వ్యయాన్ని వేరొకరు మంజూరు చేశారు. ప్రతి ఒక్కరూ తమ విధిని సక్రమంగానే నిర్వర్తించామని భావించి ఉంటారు. వేర్పాటు దీర్ఘకాలం నిలవడానికి ఆవేశం కంటె ఇట్టి ప్రశాంతమైన కార్యనిర్వహణే ఎక్కువగా తోడ్పడింది.

ఆ నియమంలోని అంతరార్థాన్ని ఒక మినహాయింపు బయటపెడుతున్నది. శ్వేతజాతి పిల్లలను ఎత్తుకొని వచ్చే నల్లజాతి ఆయాలు ఆ తీరంలో కూర్చోవచ్చు. సేవకురాలిగా వస్తే ఇసుక మైలపడదు. తన సొంత బిడ్డతో, తన ఆనందం కోసం వస్తే నేరం. మన గ్రామాలలో బావిని తవ్వడానికి పనికివచ్చిన చేతులు ఆ బావిలో చేద వేయడానికి పనికిరాకపోవడం తెలిసినవారికి ఈ తర్కం కొత్తది కాదు.

ఈ కాలంలోనే 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం భారతీయులను తరతరాల నివాసాల నుంచి తొలగించి నగరం అంచులకు పంపింది. అఖాతంలోని పాత మత్స్యకార పల్లెలు సైనిక అవసరాలకూ, రేవు విస్తరణకూ బలయ్యాయి. ఒకనాడు భారతీయ జాలరుల గుడిసెలున్న సాలిస్‌బరీ ద్వీపంలోనే, నౌకాదళం విడిచిన పాత కట్టడాలలో, 1961లో 'భారతీయుల విశ్వవిద్యాలయ కళాశాల'ను ప్రభుత్వం ప్రారంభించింది. తాతలు స్వేచ్ఛగా వల వేసిన ద్వీపానికి మనుమలు జాతిముద్ర వేసిన విద్యార్థులుగా వెళ్ళారు.

ఈతకొలను నుంచి ప్రపంచవేదికకు

సముద్రతీరం మూసుకుపోయినప్పటికీ ఈత క్రీడ ఆగిపోలేదు. జాతిభేదం పాటించని క్రీడాకారులు 1966లో దక్షిణాఫ్రికా అమెచ్యూర్ స్విమ్మింగ్ ఫెడరేషన్ అనే సంస్థను స్థాపించారు. దీనికి సారథ్యం వహించినవారు డర్బన్ వాస్తవ్యుడైన మోర్గన్ నాయుడు. తెల్లవారి ఈత సంఘానికి ప్రమాణబద్ధమైన కొలనులు, శిక్షకులు, అంతర్జాతీయ గుర్తింపు ఉండగా, ఈ సంస్థ సభ్యులకు దొరికిన వసతులు అత్యల్పం. అయినా వారి కోరిక ఒక అదనపు కొలను కాదు. ఎవరైనా ఎవరితోనైనా ఒకే నీటిలో పోటీపడగలగాలన్నదే వారి పట్టుదల. వేర్పాటు కొనసాగుతుండగా తమవారిలో ఒకరిద్దరిని తెల్లవారి జట్టులో చేర్చుకొంటామన్న రాయితీలను ఆ ఉద్యమం అంగీకరించలేదు.

1973లో అంతర్జాతీయ ఈత సమాఖ్య ఎదుట ఈ వాదం వినిపించవలసిన తరుణంలో నాయుడుకు ప్రభుత్వం పాస్‌పోర్టు నిరాకరించింది. అయినప్పటికీ ఆ సంవత్సరమే సమాఖ్య శ్వేతజాతీయుల ఈత సంఘాన్ని బహిష్కరించింది. నాయుడు నిషేధాజ్ఞకు గురయ్యారు. అప్పటి దక్షిణాఫ్రికాలో నిషేధాజ్ఞ అంటే సభలలో మాట్లాడరాదు, రాసినది అచ్చుకు నోచుకోదు, సంచారానికి హద్దులుంటాయి. ఈత నేర్పే సంఘానికి అధ్యక్షుడు రాజ్యానికి ప్రమాదకారిగా కనిపించడం వింతగా తోచవచ్చు. ఒకే నీటిలో అందరూ దిగితే ఏమి కూలిపోతుందో ఆ రాజ్యానికి స్పష్టంగా తెలుసు.

1989 నాటికి ఈ గీతను ప్రజలు బహిరంగంగా దాటడం ప్రారంభించారు. ఆగస్టులో కేప్‌టౌన్ సమీపంలోని శ్వేత తీరాలకు ప్రజాస్వామిక ఉద్యమకారులు ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూతో సహా తరలివెళ్ళగా పోలీసులు కొరడాలతో ఎదుర్కొన్నారు. సెప్టెంబరులో డర్బన్ తీరంలోనూ వేలాదిమంది గుమికూడారు. చేతిలో తువాలు, వెంట పిల్లలు – ఇవే ఆ సత్యాగ్రహంలో ఆయుధాలు. చివరకు 1989 నవంబరు 16వ తేదీన అధ్యక్షుడు డి క్లెర్క్ సముద్రతీరాలన్నీ అందరికీ తెరవబడతాయని ప్రకటించారు. 'ట్రూరో' ఓడ డర్బన్ చేరిన దినానికి సరిగ్గా 129 సంవత్సరాలు. అది యాదృచ్ఛికమే. అయినా ఓడ దిగి వచ్చినవారి సంతతికి ఆ తీరంలో స్నానం చేసే హక్కు లభించడానికి పట్టిన కాలం ఎంతో ఆ రెండు తేదీలు చెబుతున్నాయి. ప్రత్యేక సౌకర్యాల చట్టం 1990 అక్టోబరులో రద్దయింది.

అమెరికా ఈతకొలనులు

ఇదే గీత అట్లాంటిక్ ఆవల మరో రూపంలో కనిపిస్తుంది. పశ్చిమాఫ్రికా తీరవాసులు ఈతలోనూ, మునుగులోనూ ఆరితేరినవారని నాటి ఐరోపా యాత్రికులు ఆశ్చర్యంతో రాసుకొన్నారు. బానిసలుగా అమెరికా చేరిన ఆఫ్రికన్లు ఆ నైపుణ్యాన్ని వెంట తెచ్చుకొన్నారని చరిత్రకారుడు కెవిన్ డాసన్ నిరూపించారు. ఆ సంతతికే తరువాత నీరు నిషిద్ధమైంది.

1919 జూలై 27వ తేదీన షికాగోలో, మిషిగన్ సరస్సులో ఆడుకొంటున్న 17 ఏళ్ళ యూజీన్ విలియమ్స్ అనే నల్లజాతి బాలుడు నీటిలో కనిపించని హద్దును దాటి తెల్లవారి వైపు కొట్టుకుపోయాడు. ఒడ్డు నుంచి ఒక శ్వేతజాతీయుడు రాళ్ళు రువ్వాడు; బాలుడు మునిగి మరణించాడు. రాళ్ళు రువ్వినవానిని అరెస్టు చేయడానికి అక్కడి పోలీసు నిరాకరించడంతో చెలరేగిన అల్లర్లలో 38 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు.

అమెరికా ఈతకొలనుల చరిత్రను రాసిన జెఫ్ విల్ట్సీ ఒక ముఖ్యాంశాన్ని గుర్తించారు. తొలినాళ్ళ పురపాలక కొలనులలో స్త్రీపురుషులకు వేర్వేరు వేళలుండేవి. అప్పట్లో ఉత్తరాది నగరాలలో పేద తెల్లవారు, నల్లవారు కలిసి స్నానం చేసిన ఉదాహరణలున్నాయి. 1920లలో స్త్రీపురుషులు ఒకే కొలనులో ఈదడం ప్రారంభమైన తరువాతనే జాతి వేర్పాటు బిగుసుకుపోయింది. అంటే పరిశుభ్రత అన్నది పైకి చెప్పిన కారణం. నల్లజాతి పురుషుడు శ్వేతజాతి స్త్రీకి సమీపంలో ఉండరాదన్నది లోపలి భయం. వర్ణవ్యవస్థలోని మైల భావన వెనుక స్త్రీల వివాహ సంబంధాలపై నియంత్రణ ఉన్నదని అంబేద్కర్ 1916లోనే విశ్లేషించిన సంగతి ఇక్కడ స్మరణీయం.

1964 జూన్ 18వ తేదీన ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో ఒక హోటలు కొలనులోకి నల్ల, తెల్ల ఉద్యమకారులు కలిసి దిగగా, హోటలు నిర్వాహకుడు నీటిలో ఆమ్లం కుమ్మరించాడు. ఆ చిత్రం ప్రపంచ పత్రికలకెక్కింది. మరునాడే పౌరహక్కుల బిల్లుకు సెనేటు ఆమోదం లభించింది. అయితే అంతటితో కొలనులు తెరుచుకోలేదు. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరపాలక సంస్థ, నల్లవారిని రానివ్వడానికి మారుగా తన కొలనులనే మూసివేసింది. అందరికీ సమానంగా మూసివేశారు గనుక ఇందులో వివక్ష లేదని 1971లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురి ఆధిక్యంతో తీర్పు చెప్పింది. పంచుకోవడం కంటె పాడుపెట్టుకోవడమే మేలని ఒక నగరం భావించగా, చట్టం దానికి అడ్డుచెప్పలేకపోయింది.

సంపన్న శ్వేతజాతీయులు క్రమంగా సొంత పెరటి కొలనులకూ, సభ్యత్వ క్లబ్బులకూ తరలిపోయారు. 1950లో అమెరికా ఇళ్ళలో సుమారు 2,500 కొలనులుండగా, శతాబ్దాంతానికి ఆ సంఖ్య 40 లక్షలకు చేరింది. ప్రజల కొలనులు నిధులు లేక శిథిలమయ్యాయి. దాని ఫలితం నేటికీ లెక్కలలో కనిపిస్తున్నది. 1999–2010 మధ్యకాలపు మరణాలను పరిశీలించిన అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల నివేదిక ప్రకారం, 5–19 ఏళ్ళ నల్లజాతి పిల్లలు ఈతకొలనులలో మునిగి మరణించే రేటు శ్వేతజాతి పిల్లల కంటె అయిదున్నర రెట్లు ఎక్కువ. ఈత రాని తల్లి తన బిడ్డను నీటికి దూరంగా ఉంచుతుంది. ఆ బిడ్డకూ ఈత రాదు. బోర్డు తొలగించిన తరువాత కూడా గీత ఈ విధంగా వారసత్వంగా సంక్రమిస్తున్నది.

మన రేవులు, మన చెరువులు

పరాయి దేశాల అన్యాయాన్ని చెప్పుకొనేటప్పుడు మన ఊరి చెరువును మరచిపోవడం న్యాయం కాదు. డర్బన్‌లో తెలుగువాడు గీతకు ఆవల నిలిచాడు. అదే కాలంలో తెలుగు పల్లెలలో మాలమాదిగలు ఊరి చెరువు రేవుకు ఆవల నిలిచారు. తమ కడవలు నింపడానికి పైకులంవారి దయ కోసం గంటల తరబడి ఎదురుచూశారు. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ప్రతిపాదించిన తీర్మానం ప్రజాధనంతో నడిచే దారులు, బావులు, చెరువులు అన్ని కులాలవారికీ తెరవాలని కోరింది. మండలి దాన్ని ఆమోదించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ రాజధానిలోనివే. తీర్మానం కాగితంపై నిలిచినంతగా గట్లమీద నిలవలేదు.

1927 మార్చి 20వ తేదీన మహారాష్ట్రలోని మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన వేలాదిమంది చౌదార్ చెరువు నీటిని త్రాగారు. ఆ చెరువును పురపాలక సంఘం అంతకుముందే అందరికీ తెరిచినట్లు ప్రకటించి ఉన్నది. అయినా అగ్రవర్ణాలవారు 108 కడవల పంచగవ్యంతో ఆ చెరువును శుద్ధిచేశారు. సెయింట్ అగస్టీన్‌లో ఆమ్లం, మహద్‌లో పంచగవ్యం. పోసిన పదార్థాలు వేరు, పోసినవారి మనస్సు ఒకటే. ఈ సామ్యాన్ని నాటి నాయకులు ఎరుగనివారు కారు. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవారు సమర్పిస్తున్న విజ్ఞప్తి ప్రతిని కోరారు. అంటరానివారి స్థితికీ నల్లవారి స్థితికీ ఎంతో పోలిక ఉన్నదని అందులో పేర్కొన్నారు.

భారత రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు పేరుపేరునా పేర్కొనబడ్డాయి. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా వాటి వినియోగానికి ఎవరినీ అడ్డగించరాదని ఆ ఖండం శాసిస్తున్నది. మౌలిక గ్రంథంలో స్నానఘట్టానికి స్థానం కల్పించడం వెనుక మహద్ అనుభవం ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదు. 1950లో ఒక దేశం స్నానఘట్టాన్ని అందరిదీ చేస్తూ రాజ్యాంగం రాసుకొన్నది. మూడేళ్ళకు మరొక దేశం అసమాన సౌకర్యాలకు అనుమతినిస్తూ చట్టం చేసుకొన్నది. ఈ తేడా మనకు గర్వకారణం.

అయితే ఆ గర్వానికి హద్దు ఉన్నది. 1985 జూలై 17వ తేదీన ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. దానికి ముందురోజు తగవు మొదలైనది మాదిగపల్లెవారు త్రాగే నీటి చెరువు దగ్గర. గేదెల కుడితి కడిగిన మురికి ఆ నీటిలో కలపవద్దని చెప్పడమే ఆ పల్లె చేసిన అపరాధం. ఆ ఘోరం నుంచి దళిత మహాసభ ఉద్భవించింది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధానికి 1989లో వచ్చిన చట్టంలో, ఆ వర్గాలవారు వాడుకొనే నీటివనరును కలుషితం చేయడం ప్రత్యేక నేరంగా చేర్చబడింది. రాజ్యాంగం వచ్చిన 35 సంవత్సరాల తరువాత కూడా నీటి గట్టున ప్రాణాలు పోయాయన్నది విస్మరించరానిది.

భిలాయి అనుభవం

ఈ వ్యాసం రాస్తున్న భిలాయి సెక్టర్ 2 ఈ ప్రశ్నకు మరో కోణాన్ని చూపిస్తున్నది. సోవియట్ సహకారంతో 1955 ఒప్పందం మేరకు ఏర్పడి, 1959లో తొలి కొలిమి వెలిగించిన ఉక్కు కర్మాగారానికి దేశం నలుమూలల నుంచి శ్రామికులు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగువారు వారిలో ఎక్కువగానే ఉన్నారు. టౌన్‌షిప్‌లో క్వార్టర్లు కులాన్నిబట్టి గాక ఉద్యోగ శ్రేణినిబట్టి కేటాయించబడ్డాయి. ప్రతి క్వార్టరుకూ కుళాయి వచ్చింది. ఈ ప్రాంతపు పాత గ్రామాలలో సత్నామీలకు చెరువులో వేరు రేవు ఉండేది. టౌన్‌షిప్‌లో ఆ వేరు రేవుకు చోటు లేకపోయింది. ఒకే షాపులో, ఒకే కొలిమి వేడిమిలో పనిచేసే సహోద్యోగుల మధ్య కులపు పట్టు సడలిన తీరును మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ దీర్ఘకాలం ఇక్కడ పరిశోధించి 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే గ్రంథంలో వివరించారు. ఆ సడలింపుకున్న పరిమితులను కూడా ఆయన దాచలేదు.

ఇంటింటి కుళాయి పెద్ద ఉపకారం. అయితే అది రేవు ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ప్రశ్న అడగవలసిన అవసరాన్ని తప్పించింది. అమెరికా పెరటి కొలను కూడా ఇదే చేసింది. ఎవరి నీరు వారిదైనప్పుడు కలిసి దిగవలసిన నీరు ఉండదు. అందువల్ల ఉమ్మడి చెరువుకు విలువ తగ్గలేదు, పెరిగింది. సెక్టర్ 2 చెరువు గట్టున ఛఠ్ పండుగనాడు నడుంలోతు నీటిలో నిలిచి సూర్యునికి అర్ఘ్యమిచ్చే స్త్రీలను చూసినప్పుడు, పక్కన నిలిచినవారి కులం ఏదో అక్కడ ఎవరూ విచారించరన్నది కంటికి కనిపిస్తుంది. అది ఒకటి రెండు పూటల దృశ్యమే కావచ్చు. కాని ఉమ్మడి నీటిలో కలిసి నిలవడం సాధ్యమేనని చూపే దృశ్యం.

గీత చెరిగిన తరువాత

డర్బన్, షికాగో, మహద్, కారంచేడు – ఈ నాలుగు ఊళ్ళ కథ నుంచి పాలనారంగంలో ఉన్నవారు గ్రహించవలసినది ఒకటున్నది. గీతను తొలగించడం, గీత చేసిన నష్టాన్ని పూడ్చడం వేర్వేరు పనులు. మొదటిదానికి ఉత్తర్వు చాలు. రెండవదానికి కొలను కావాలి, శిక్షకుడు కావాలి, బాలికలకు అనువైన వేళలు కావాలి, ఏటేటా నిధులు కావాలి. 1917లో వరదనుంచి 176 మందిని కాపాడిన సమాజపు సంతతికి మూడు దశాబ్దాలపాటు సముద్రపు అంచులనే మిగిల్చారు. అట్టి సమాజాలలో పోయిన నైపుణ్యం బోర్డు పీకిన మరునాడు తిరిగి రాదు.

ఐక్యరాజ్యసమితి 2021లో చేసిన తీర్మానం ప్రకారం ఏటా జూలై 25వ తేదీని నీటమునక మరణాల నివారణ దినంగా పాటిస్తున్నారు. మన దేశంలో నీట మునిగి మరణించే బాలలలో అధికులు ఈత నేర్చుకొనే అవకాశం లేని ఇళ్ళవారే. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు, ముఖ్యంగా వాడల పిల్లలకు, సురక్షితమైన నీటిలో ఈత నేర్పడాన్ని వినోదంగా గాక హక్కుగా భావించినప్పుడే స్నానఘట్టం అన్న మాట రాజ్యాంగంలో ఎందుకున్నదో మనం అర్థం చేసుకొన్నట్లు.

డర్బన్ తీరంలో 37వ సెక్షను బోర్డును నిలబెట్టినవారూ ప్రభుత్వోద్యోగులే. తరువాత దాన్ని పెకలించినవారూ ప్రభుత్వోద్యోగులే. ఉత్తర్వు ఏదైనా చివరకు దాన్ని నీటి ఒడ్డుకు మోసుకుపోయేది ఒక ఉద్యోగి చేయి. ఆ చేయి ఏమి మోస్తున్నదో ఎరిగి ఉండడం ఉద్యోగ ధర్మంలో భాగమని ఈ చరిత్ర మనకు తెలుపుతున్నది.